చాచా జీపులో ముందు సీటు

ఖానాపురం హవేలి నుంచి బస్టాండుకు పోయే ఆటోలో "జర సర్దుకోండమ్మా" అనే మాట వినకుండా నేను ఒక్కనాడూ బడికి పోలేదు. ముగ్గురు కూర్చునే చోట నలుగురం ఉంటాం. దారిలో ఇంకెవరో చెయ్యెత్తుతారు, బండి ఆగుతుంది, ఆ మాట రానే వస్తుంది. ఒళ్లో బ్యాగు, బ్యాగు మీద టిఫిన్ డబ్బా, దాని మీద ఎవరిదో మోచెయ్యి. పంతులమ్మను కదా, పిల్లల్ని గదమాయించే నోరు ఆటోలో మాత్రం లేవదు. ఆ పొద్దున కూడా అట్లాగే ముడుచుకుంటుంటే ఆటో నడిపే అతను అద్దంలోంచి నన్ను చూసి అన్నాడు.

"మేడం, మీ జీపు చాచా పోయిండు. మొన్న జుమ్మా నాడు మట్టిచ్చిండ్రు."

అయ్యో అనాలని కూడా తోచలేదు నాకు. మనసులోకి మొట్టమొదట వచ్చిన ఆలోచన చెప్తే నవ్వుతారు. మరి ఆ ముందు సీట్లో ఇక ఎవరు కూర్చుంటారు, అనుకున్నాను.

చాచాకు పేరు లేదా అంటే ఉంది. జీపు ముందు అద్దం మీద ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి కూడా ఉండేది. కానీ మా వీధిలో ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు లేరు. బక్కపలచటి మనిషి, గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. ఆయన దగ్గరికి రాకముందే లవంగం వాసన వచ్చేది. బండి తీసే ముందు స్టీరింగుకు ఒకసారి చెయ్యి తాకించి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని, తర్వాత పక్క సీటు మీది తువ్వాలు తీసి, ఆ సీటును తుడిచి, తువ్వాలును మళ్లీ మడిచి అక్కడే పెట్టేవాడు. ఎవరూ కూర్చోని సీటుకు మట్టెక్కడిది? అయినా తుడిచేవాడు.

ఆ సీటు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆఫీసరుకు ఇవ్వలేదు, పెళ్లికొడుక్కి ఇవ్వలేదు. ఒకసారి మా మరిది, బ్యాంకు ఉద్యోగం వచ్చిన కొత్త, ఊపు మీదున్నాడు, తువ్వాలు తీసి వెనక్కి విసిరి దర్జాగా అందులో కూర్చున్నాడు.

"కిరాయి ఇచ్చేది మేమే గద చాచా. ముందల కూసుంటే నీకేంది?"

"కిరాయి ఎనక సీట్లకు తీస్కుంటున్న సాబ్. ముందల సీటుకు తీస్కుంట లేను."

అంతే అన్నాడు. గొడవ పడలేదు. బండి దిగి పోయి చాయ్ హోటలు బల్ల మీద కూర్చుని, ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు రోడ్డు వంక చూస్తూ ఉండిపోయాడు. మా మరిది కాసేపు పాట కూనిరాగం తీశాడు, కాసేపు గడియారం చూసుకున్నాడు, ఆఖరికి సణుక్కుంటూ దిగి వెనక్కి వచ్చాడు. చాచా వచ్చి తువ్వాలు దులిపి, సీటు తుడిచి, మడిచి పెట్టి బండి తీశాడు. ముఖంలో కోపం లేదు, గెలిచానన్న సంతోషమూ లేదు.

ఇంకొకటి. జీపులు, ఆటోలు నడిపేవాళ్లంతా రోజుకు ఎన్నిసార్లు అంటారో లెక్కలేని ఆ "సర్దుకోండి" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. స్టాండులో మిగతా డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్లు.

"చాచా, ఇంక నలుగురెక్కే తావున్నది గదనే! ఎక్కించుకోరాదు?"

"తావున్నది. సీటు లేదు."

మా ఇంటికి చుట్టాలొస్తే భద్రాచలం తిప్పి తేవడం మాకు తప్పని పని. భద్రాచలం చూసినవాళ్లకు పర్ణశాల చూడకపోతే తిన్నది అరగదు. కాబట్టి కోడి కూయక ముందు లేచి పులిహోర కలపడం, పెరుగన్నం కట్టడం, గిన్నెలూ గంటెలూ జీపులో పెట్టడం, అన్నీ అయ్యాక మిగిలిన సందులో నేను కూర్చోవడం. కొత్తగూడెం దాటి, పాల్వంచ పొగ గొట్టాలు దాటి, వంతెన మీద గోదారికి దండం పెట్టి, దర్శనం చేసుకుని, దుమ్ముగూడెం దారిన టేకు చెట్ల మధ్య పోయి పోయి మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ ఊళ్లో దిగేవాళ్లం.

పర్ణశాల తెలియనివాళ్లెవరు? సిమెంటు బొమ్మలు, బంగారు లేడి, జోలె పట్టుకున్న దొంగ సన్యాసి. పక్కనే వాగు. వాగులో బండల మీద చారలు చూపించి అమ్మవారు చీర ఆరేసిన గుర్తులంటారు. ఎర్రరాళ్లు, పచ్చరాళ్లు పోగేసి కుంకుమ ఇదీ పసుపు ఇదీ అని అమ్ముతారు. ఈ ఊరికి పేరొచ్చిందే ఒక ఆడమనిషి కనిపించకుండా పోవడం వల్ల. వచ్చినవాళ్లంతా పులిహోర తింటూ ఆ కథ వింటారు, అయ్యో పాపం అంటారు, చేతులు కడుక్కుంటారు. నేనూ అంతే.

తిరుగు ప్రయాణానికి అందరం ఎక్కాక చాచా బండి తీసేవాడు కాదు. వాగు ఒడ్డుదాకా నడిచిపోయి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచేవాడు.

"ఇంకెవరన్న ఉన్నరా? బండి పోతున్నదీ!"

అటువైపు ఎవరుంటారు? నీళ్లు, బండలు, దాని వెనక అడవి. ఆయన మాత్రం బుగ్గలోని లవంగం నమలడం అయిపోయేదాకా అక్కడే నిలబడేవాడు. తర్వాత ఒక పెద్ద బండ దగ్గర వంగి, పెదవులు కదిపి, తిరిగొచ్చేవాడు. నమాజు వేళ తప్పిందేమో, దువా చదువుకుంటున్నాడనుకునేదాన్ని. జీపులో అందరూ నవ్వేవాళ్లు. మా అత్తమ్మ మాత్రం నవ్వేది కాదు.

"నాకైతే దడ పుడ్తది. పిలిస్తే ఎవరన్న పలికిండ్రనుకో, అప్పుడేం జేస్తడట?" అనేది.

ఆ మాట విన్నప్పటి నుంచి నేనూ వాగువైపు చూడటం మానేశాను.

ఒక కార్తీకమాసం. వనభోజనమని మా అత్తమ్మ వైపువాళ్లంతా వచ్చారు. అందరికీ వడ్డించాను, పిల్లల మూతులు తుడిచాను, గిన్నెలు తోమి బండిలో పెట్టాను. ఆ రోజుల్లో పొద్దు వాలితే ఆ అడవి దారిన బండి నడపడానికి ఎవరూ ఇష్టపడేవాళ్లు కాదు. అందుకని అంతా తొందర. గబగబా ఎక్కబోతుంటే చాచా తలుపుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తిన్నవా బిడ్డా?"

"తోవల తింటలే చాచా."

"తోవల ఎవ్వరు తినరు. తిను. జీపు కదలదు."

లోపలి నుంచి మా అత్తమ్మ, "ఏందయ్యా నీ లొల్లి? పొద్దుగూకుతున్నది, పోనీ!" అని కేకేసింది. చాచా తాళం తీసి జేబులో వేసుకున్నాడు. అందరి చూపులూ నా మీద. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఒక విస్తరాకులో ఇంత పెట్టుకుని కాస్త దూరం పోయి కూర్చున్నాను. ఆయన వచ్చి నాకు ఎడంగా ఒక రాయి మీద కూర్చున్నాడు. అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"నీ లెక్కనే ఒకామె ఉండె బిడ్డా. బోనకల్ దిక్కువాళ్లు. పుట్టెంటికల మొక్కని రెండు జీపులు మాట్లాడుకున్నరు. ఒకటి నాది. ఆమె మొగుడు సచ్చిపోతే అన్నగారింట్ల ఉంటుండె. ఎక్కేటప్పుడు అందరికి సీట్లు దొరికినయ్. ఆమెకు దొరకలే. ఎనకాల స్టవ్వు, బియ్యం మూట పెట్టిన తావు చూపిచ్చి, జర సర్దుకో అక్కా అన్న. నేనే అన్న. సర్దుకున్నది. భద్రాచలం దాక గుండిగ ఒళ్ల పెట్టుకొని వచ్చింది."

నేను తినడం ఆపాను.

"తిను. నువ్వు తింటేనే చెప్త."

తిన్నాను. ఆయన వాగు వంక చూస్తూ చెప్పాడు. వంట ఆమే చేసిందట, వడ్డన ఆమేనట. అందరూ తిన్నాక గిన్నెలు తీసుకుని వాగులోకి దిగిందట. మబ్బు పట్టింది. రెండు జీపులవాళ్లూ తొందరపడ్డారు. చాచా హారన్ కొట్టాడు, కేకేశాడు. జవాబు లేదు. ముందు జీపులో ఎక్కి ఉంటుందని ఈ జీపువాళ్లు అనుకున్నారు. వెనక జీపులో ఎక్కడో సర్దుకుని ఉంటుందని ఆ జీపువాళ్లు అనుకున్నారు.

"ఊరు చేరినంక సామాన్లు దింపుతున్నరు. ఎవరో అడిగిండ్రు, గుండిగ ఏదీ అని. ఇండ్ల లేదు, అండ్ల లేదు. గంటెలేవి, తపేలాలేవి అని ఎతుకుతున్నరు." చాచా నా ఆకు వంక చూశాడు. "ముందు గుండిగ ఏదని అడిగిండ్రు బిడ్డా. ఆ ఎనక ఆమె ఏదని అడిగిండ్రు."

ఆ ముద్ద నా గొంతులో ఇప్పటికీ అడ్డం పడుతుంది. అప్పుడు ఎట్లా మింగానో ఏమో.

అప్పటికప్పుడు బండి తిప్పుకుని వెనక్కి వచ్చాడట. తెల్లవారేసరికి ఈ వాగు దగ్గరున్నాడు. బండ మీద గిన్నెలన్నీ తళతళలాడేట్టు తోమి, పెద్ద దాని పక్కన చిన్నది, వరసగా బోర్లించి ఉన్నాయి. మనిషి లేదు. వాగంతా దిగి వెతికారు, గోదారి ఒడ్డు వెతికారు. ఆమె అన్న వచ్చాడు, పోలీసులు వచ్చారు. ఏమీ దొరకలేదు.

"ఆ గిన్నెలు ముందల సీట్ల పెట్టుకొని తీస్కపోయిన. వాళ్లింట్ల నన్ను తిడ్తరనుకున్న. కొడ్తరనుకున్న. ఒక్కరు మాటనలే. నీ తప్పేమున్నదిలే అన్నరు. గిన్నెలు లోపట పెట్టుకున్నరు. తిట్టి ఉంటే బాగుండు బిడ్డా."

"మరి ఆమె ఏమైంది చాచా?"

ఆయన డబ్బా మూత తీసి నా ఆకులో ఇంకో గంటె పులిహోర వేశాడు. నేను తిని చెయ్యి కడుక్కున్నాక లేచి, "ఎక్కినోళ్లను జూసుడు గాదు బిడ్డా, ఎక్కనోళ్లను జూడాలె," అన్నాడు. వాగు ఒడ్డుకు పోయి ఎప్పటిలాగే పిలిచాడు. ఆనాడు జీపులో అందరితోపాటు నవ్వలేకపోయాను. ఎవరైనా పలుకుతారేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. దారి పొడుగునా నా కళ్లు ఆ ఖాళీ సీటు మీదనే. గుంతలో బండి ఎగిరినప్పుడల్లా ఆ తువ్వాలు కదిలేది.

ఇంటికి వచ్చాక మా అత్తమ్మ, "ఆయనకు జర మెంటల్," అని తేల్చేసింది.  కానీ ఆ తర్వాత ఏ ఊరు పోయినా, ఏ పెళ్లికి పోయినా, బండి కదిలేటప్పుడు నా మెడ దానంతట అదే వెనక్కి తిరిగేది.

చివరి రోజుల్లో ఆయనకు కాళ్లు వాచాయి. జీపు కూడా ముసలిదైంది, ఎత్తు ఎక్కాలంటే మూలిగేది. అయినా పర్ణశాల కిరాయి అంటే కాదనేవాడు కాదు. ఆయన పోయాక కొడుకులు జీపును అమ్మేశారని విన్నాను. కొన్నవాళ్లు ముందు సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి ఉంటారు.

మళ్లీ కార్తీకం వచ్చింది, చుట్టాలూ వచ్చారు. ఈసారి సుమో మాట్లాడారు. నడిపేవాడు కుర్రాడు, పాటలు మోగిస్తూ వచ్చాడు. ముందు సీట్లో మా మరిది మహారాజులా ఎక్కి కూర్చున్నాడు. నేను గిన్నెలు సర్ది తలెత్తేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. "మేడం, ఆ ఎనక జర సర్దుకోండి," అన్నాడు ఆ అబ్బాయి. సర్దుకున్నాను. గుండిగ నా ఒళ్లోకి వచ్చింది. కొత్తగూడెం దాకా దాన్ని రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాను.

భోజనాలయ్యాయి. నా వాటా ఒక డబ్బాలో పెట్టుకుని, గిన్నెలు తీసుకుని వాగులోకి దిగాను. అక్కడ సీతాఫలాలు అమ్మే ఒక కోయ అవ్వ ఉంటుంది. ఎప్పుడు పోయినా కనిపించేది, చాచా ఆమెతో రెండు మాటలు మాట్లాడకుండా వచ్చేవాడు కాదు. ఆమె గంప పక్కన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"జీపాయన రాలేదా అమ్మా?"

చెప్పాను. అవ్వ గంపలో పండ్లను ఇటు తిప్పి అటు తిప్పి పెట్టింది. తర్వాత తనలో తను అనుకున్నట్టు అంది.

"ఇగ పిలిచేటోడు లేడు."

"ఆమె సంగతి నీకు తెలుసా అవ్వా? ఆ గిన్నెలామె?"

"తెలుసు. ఆమెను ఎవ్వడెత్కపోలే అమ్మా. ఆమెనే పోయింది."

నా చేతిలో గంటె జారి నీళ్లలో పడింది. అవ్వ వంగి తీసి బండ మీద పెట్టింది.

"గిన్నెలన్ని తోమి బోర్లిచ్చింది. జీపోళ్లు పిలిచిండ్రు. ఇగో ఈ బండ ఎనక్కి పోయి కూసున్నది. నేను చూస్తున్న. నన్ను చూసి నోటి మీద ఏలు పెట్టింది. జీపులు పోయినంక లేచి, ఆకుల కట్టి పెట్టుకున్న అన్నం తీసి తిన్నది. మెల్లగ తిన్నది. నా చెయ్యి పట్కొని ఎవ్వరికి చెప్పకు అన్నది. గోదారి కాడికి పోయి పడవెక్కి ముందల కూసున్నది. అవతలి ఒడ్డుకు పోయింది. అంతే."

"చాచాకు చెప్పలేదా?"

"పోలీసోళ్లకు చెప్పలే. వాళ్లన్నకు చెప్పలే. ఈయన ఏండ్లకేండ్లు వచ్చి పిలుస్తుంటే నాకే పానం ఆగలే. చెప్పిన. ఇక్కడ్నే కూలబడ్డడు. తిన్నదా అని అడిగిండు. తిన్నదన్న. మంచిగ తిన్నదా అన్నడు. మంచిగ తిన్నదన్న. అప్పుడు ఏడ్చిండు."

ఎప్పుడు చెప్పావని అడిగాను. చాలా ఏళ్లయిందట. అంటే నేను ముద్ద మింగలేక కూర్చున్న రోజుకే చాచాకు అంతా తెలుసు. ఆమె ఏమైందని అడిగితే పులిహోర వడ్డించాడే గానీ ఆమె దాచమన్న మాట బయట పెట్టలేదు.

"తెలిసినంక గూడ ఎందుకు పిలిచిండు అవ్వా?"

"నేను గదే అడిగిన. 'ఆ దినం రాబుద్ది కాలే, పోయింది. ఇంకో దినం రాబుద్దయితే? బండి లేదనుకోవద్దు గద,' అన్నడు. గట్టిగ అరిసేది మీ అందరి కోసం అమ్మా. అది అయినంక ఈ బండ కాడ వంగి మెల్లగ చెప్పేటోడు."

"ఏం చెప్పేటోడు?"

"'తొందర లేదక్కా. రావాలనిపిస్తెనే రా.'"

అప్పుడే పైనుంచి హారన్ మోగింది. వెంటనే మా ఆయన గొంతు. "ఎక్కడున్నవే? అందరం ఎక్కినం. జల్దీ రా!"

వస్తున్నా అనబోయాను.   నా ఎదురుగా ఆ బండ, దాని వెనక ఒక మనిషి కూర్చునేంత చోటు, అక్కడ ఎండిన ఆకులు. అవ్వ నన్ను చూసింది. బండ వెనక్కి చూసింది.  ఆమె చెయ్యి మెల్లగా నోటిదాకా లేచి ఆగింది, నేనేం చెప్తే అది చేస్తానన్నట్టు.

నాకు భయమేసింది. పోవాలనిపించినందుకు కాదు. పోవడం ఇంత దగ్గరలో ఉందని తెలిసినందుకు. హారన్ మళ్లీ మోగింది. లవంగం వాసన వచ్చిందంటే మీరు నమ్మరు, వచ్చింది. తొందర లేదన్న మాట నా చెవి పక్కనే ఎవరో అన్నట్టయింది.

"నేనింకా తిన్లే!" అని అరిచాను. బడిలో కూడా అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు. "తిని వస్త. ఆగుండ్రి!"

పైన బండి తలుపు తీసిన చప్పుడు. తర్వాత మా అత్తమ్మ గొంతు.

"తోవల తినొచ్చు గదనే!"

"తోవల తిన! తిని వచ్చి ముందల సీట్ల కూసుంట. మరిదిని ఎనక సర్దుకోమనుండ్రి!"

అవ్వ ఫక్కున నవ్వి చెయ్యి దించుకుంది. నేను ఆ బండ మీద కూర్చుని డబ్బా మూత తీశాను. ఆమె ఒక సీతాఫలం విప్పి నా పక్కన పెట్టింది. హారన్ ఒకసారి మోగింది, ఇంకోసారి సగంలోనే ఆగిపోయింది. కొంతసేపటికి సుమో ఇంజను ఆపేసిన చప్పుడు వినిపించింది.

నేను మెల్లగా తిన్నాను.